విన్నానని చెప్పు

హవల్లీ, కువైట్
జనవరి 9

ప్రియమైన బిడ్డ భాగ్యలతకు,

ఫోన్లో మనిద్దరం "మంచిగున్నవా" అంటే "మంచిగున్న" అనుకుని పెట్టేస్తాం. మీ అమ్మ పక్కన నిలబడితే ఆ రెండు మాటలు కూడా ఆమెవే. అందుకే కాగితం మీద రాసి ఫోటో తీసి పంపుతున్నాను. నువ్వూ అలాగే రాయి.

శిక్షణ అయిపోయి, విమానాలకు దారి చెప్పే కుర్చీలో కూర్చున్నావట. నేనూ ఆకాశంలోనే ఉన్నాను కదా, ఇరవై రెండంతస్తుల ఎత్తున క్రేన్ క్యాబిన్లో. పక్క స్థలంలో ఇంకో కంపెనీ క్రేన్ ఉంది, దాని మీద పాకిస్తాన్ పెషావర్ నుంచి వచ్చిన నౌమాన్ ఉంటాడు. రెండు క్రేన్ల చేతులూ మధ్యలో ఒకే చోట తిరుగుతాయి. అక్కడికి వెళ్ళేముందు వాకీటాకీలో వస్తున్నానంటాను. "లింబాద్రి వస్తున్నాడు, నేను ఆగాను" అని అతను తిరిగి చెప్పేదాకా లివర్ ముట్టను. మనం చెప్తే సరిపోదు బిడ్డా, వాళ్ళు విన్నారని మనం వినాలి.

పైనుంచి సముద్రం భలే కనిపిస్తుంది. వేళకు తిను.

ఇట్లు నీ బాపు
లింబాద్రి

ఫిబ్రవరి 2

ప్రియమైన బాపూ,

నీ క్రేన్ సంగతి మా గదిలో అందరికీ చెప్పి గొప్పలు పోయాను. మాదీ అదే తంటా. ఈ నగరంలో రెండు విమానాశ్రయాలు పక్కపక్కనే ఉన్నాయి. మాది పెద్దది. పక్కది చిన్నది, నేర్చుకునేవాళ్ళ విమానాలు ఎగిరేది. నేల మీద గోడలున్నాయి గానీ ఆకాశంలో ఏముంటుంది? మా తెర మీద ఒక గీత, అంతే. మా విమానం ఆ గీత దాటాలంటే ముందు పక్క టవర్‌కు ఫోన్ చేయాలి. వాళ్ళు ఎత్తు, దిక్కు తిరిగి చెప్పాలి. అచ్చం నీ నౌమాన్‌లాగే.

అక్కడ సుధారాణి గారని ఉన్నారు. రోజుకు నలభైసార్లు మాట్లాడుకుంటాం, మొహాలు మాత్రం చూసుకోలేదు. జూలై దాకా ఏ మచ్చా లేకుండా చేస్తే ఈ కుర్చీ నాకు ఖాయం.

నిచ్చెన దిగేటప్పుడు జాగ్రత్త బాపూ.

నీ లత

మే 20

ప్రియమైన బిడ్డకు,

మూడు ఉత్తరాలు రాశావు, ఒక్కదానికీ జవాబు ఇయ్యలేదు. పని ఎక్కువ, దుమ్ము ఎక్కువ. సముద్రం ఎలా ఉందని అడిగావు. ఉంది, అదెక్కడికి పోతుంది? కాగితం మీద ఉల్లిపొట్టు ఏమిటని అడగకు, వంట చేస్తూ రాస్తున్నాను. అమ్మను అడిగానని చెప్పు.

మీ బాపు

జూన్ 11

ప్రియమైన బాపూ,

ఇది అమ్మకు చెప్పకు.

మొన్న మధ్యాహ్నం వాన మబ్బు పట్టింది. ఒక్కసారిగా ఐదుగురు పైలట్లు పిలిచారు. ఒక విమానాన్ని మబ్బు తప్పించడానికి గీత వైపు తిప్పాను. పక్క టవర్‌కు ఫోన్ చేయాలి. చేద్దామనుకున్నాను, చేసేశాననే అనుకున్నాను. చేయలేదు. అటు నుంచి ఒక చిన్న విమానం పైకి లేస్తోంది. చూసి వెంటనే మాదాన్ని పక్కకు మళ్ళించాను. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ రెండింటి మధ్య ఉండాల్సిన దూరం లేదు.

సుధారాణి గారు ఫోన్ చేశారు. "ఈసారికి ఊరుకుందాం అమ్మా, నువ్వు పైవాళ్ళకు రిపోర్టు రాయకపోతే నేనూ రాయను" అన్నారు. నా తప్పు నేనే రాసిస్తే కుర్చీ నుంచి దింపుతారు. మళ్ళీ ఎక్కిస్తారో లేదో. రాయకపోతే నిద్ర పట్టేట్టు లేదు. ఏం చేయను?

నీ లత

జూన్ 12

బిడ్డా,

రాయకు. ఆ తల్లే ఊరుకుందామంటే నీకెందుకు? కోరి కొరివితో తల గోక్కుంటామా? ఒకసారి దిగితే ఎక్కడం అంత సులువు కాదు. బాపు చెప్పినట్టు విను.

లింబాద్రి

జూలై 3

ప్రియమైన బాపూ,

నీ మాట వినలేదు. ఆ ఉత్తరం నాలుగుసార్లు చదివాను, అది మా బాపు రాసినట్టు లేదు. వాళ్ళు విన్నారని మనం వినాలని జనవరిలో రాసిన బాపు మాటే విని, జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. సుధారాణి గారూ రాశారు.

నన్ను దింపారు. మూడు నెలలు మళ్ళీ శిక్షణ, ఆ తర్వాత చూస్తారట. అయితే ఇప్పుడు మబ్బు పట్టిన రోజున ఫోన్ పని ఒక్కటే చూసుకోవడానికి మా పక్కన ఇంకో మనిషిని కూర్చోబెడుతున్నారు. కోపం వచ్చిందా?

నీ లత

సులైబియా
జూలై 5

ప్రియమైన నా తల్లికి,

పైన ఊరి పేరు చూశావు కదా. నేను హవల్లీలో లేను. మార్చి నుంచి లేను.

ఆ రోజు దుమ్ము లేచింది. ఫోర్‌మన్ "యల్లా, యల్లా" అని కింద నుంచి ఒకటే తొందర. నేను నౌమాన్‌ను పిలవకుండా క్రేన్ చెయ్యి తిప్పాను. ఇనుప కడ్డీల మోపు అతని క్రేన్ తీగలకు మూరెడు దూరంలో పోయింది. అతను తప్ప ఎవరూ చూడలేదు. నౌమాన్ దిగి వచ్చి నన్ను గట్టిగా పట్టుకుని మరిచిపొమ్మన్నాడు. నాకు మనసొప్పలేదు. ఇంజనీర్ దగ్గరికి పోయి "తప్పు నాదే సార్, చెప్పకుండ తిప్పిన" అన్నాను. ఖలాస్, క్రేన్ పోయింది. మా కఫీల్‌కు, అదే నాకు వీసా ఇచ్చిన యజమానికి, ఇక్కడ కూరగాయల గోదాము ఉంది, అందులో వేశాడు. ఉల్లిగడ్డ బస్తాలు దింపుతున్నాను.

ఆకాశంలో ఉన్నానని నీకు గొప్పలు చెప్పినవాణ్ణి, నేల మీద ఉన్నానని చెప్పడానికి సిగ్గేసింది. నిన్ను వద్దన్నది అందుకే. నా బిడ్డ కూడా దిగి ఏడవొద్దనుకున్నాను. నువ్వు మాత్రం, నేను చేసింది తెలియకుండానే, నేను చేసిందే చేశావు. ఉత్తరం చదివి బస్తాల మీద కూర్చుని ఏడ్చాను తల్లీ, సంతోషంతోనే.

నౌమాన్ ప్రతి శుక్రవారం వస్తాడు, ఇద్దరం కలిసి వండుకుంటాం. అమ్మకు నువ్వే మెల్లగా చెప్పు. ఇదంతా నీకు చేరిందో లేదో నాకు తెలియాలి.

ఉల్లిగడ్డల వాసనతో,
నీ బాపు

జూలై 5, సాయంత్రం

బాపూ,

తిరిగి చెప్తున్నాను, విను. బాపు కిందికి దిగాడు. తప్పు దాచలేదు. సులైబియాలో క్షేమంగా ఉన్నాడు. లత కూడా దిగింది, క్షేమంగానే ఉంది. అమ్మకు చెప్పేశాను. ఆమె "మీ ఇద్దరికి ఇద్దరు సరిపోయిన్రు" అని, ఉల్లిగడ్డలు మోసేటప్పుడు నడుముకు గుడ్డ కట్టుకోమంది.

మొత్తం విన్నాను బాపూ.

లత