నా నాలుక, మీ మైకు

బస్టాండు మేనేజరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నన్ను మైకులో తాగుబోతు అన్నందుకు మైకులోనే క్షమాపణ చెప్పవలెనని కోరుట గురించి.

తమ బస్టాండులో బస్సుల రాకపోకలు చదివే అనౌన్సరుగా పనిచేసి, తమచే గెంటివేయబడిన నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. కిందటేడు నా మాట ముద్దగా రావడం మొదలైనది. తమరు నా గదిలోకి వచ్చి, మైకు ఆపకుండానే, "పొద్దున్నే పట్టించి వచ్చావా? లే అక్కణ్ణుంచి, తాగుబోతు వెధవా!" అని సెలవిచ్చితిరి. బస్టాండంతా విన్నది. అప్పుడే బస్సు దిగుతున్న నా కూతురూ విన్నది. నేను జన్మలో చుక్క ముట్టనివాడను.

2. ఊదే మిషను తెప్పించమని బతిమాలితిని. "నీ మాట చాలదా, మిషనెందుకు?" అంటిరి.

3. పిదప తల స్కానింగు తీయించి తెచ్చితిని. అందులో లోపమేమీ కనబడలేదు. తమరు పకపకా నవ్వి, "మెదడు బంగారంలా ఉందటయ్యా. ఇక మిగిలింది సీసాయేగా!" అని నా ఉద్యోగము ఊడబెరికితిరి. ఇంట్లో నా కూతురు, "అబద్ధాలు చెప్పకు నాన్నా, వాసన రానిది కూడా దొరుకుతుందట" అన్నది. అన్నది అది, అనిపించినది తమరు.

4. ఇప్పుడు పెద్దాసుపత్రిలో కొత్తరకం స్కానింగుతో నా జబ్బు ఎట్లు ముదురుచున్నదో వెంటబడి చూస్తున్నారు. కొన్నేసి నెలల తేడాతో తీసిన బొమ్మలు పక్కపక్కన పెట్టి డాక్టరమ్మ చూపించినది. "ఇదిగో బాబాయ్, మెదడు నుంచి నాలుక్కి ఆజ్ఞలు మోసే నరాల దారి. బొమ్మ బొమ్మకీ సన్నబడిపోతోంది చూడు. మామూలు స్కానింగుకి ఇది దొరకదు." దీని పేరు మోటార్ న్యూరాన్ జబ్బు. నయం కాదు. నా కూతురు ఆ బొమ్మలు చూసి, నా గడ్డం పట్టుకుని బావురుమన్నది. ఆ ఏడుపు తమకు తగలకమానదు.

కావున నాకు ఉద్యోగము వద్దు. సాయంత్రం రద్దీ వేళ తమరు అదే కుర్చీలో కూర్చుని ఈ క్రింది వాక్యములు ముమ్మారు చదవవలెను: "ప్రయాణికులకు మనవి. ఇక్కడ అనౌన్సరుగా చేసిన మనిషి తాగుబోతు కాదు. నేనే కళ్లు నెత్తికెక్కి కూశాను." నీళ్లు నమలరాదు. తడబడితే మళ్లీ మొదటి నుంచి. నన్ను తమరు అట్లే చదివించేవారు. లేనిచో ఆ బొమ్మలు పెద్దవి చేయించి తమ గది తలుపుకు అంటించెదను.

చిత్తగించవలెను. చిత్తగించు వరకు వదలను.

ఇట్లు,
ఒకప్పుడు తమ విధేయుడు,
మాజీ అనౌన్సరు

తా.క.: వీడి నోరు రేపో మాపో పూర్తిగా పడిపోతుంది, పీడా వదిలిపోతుందిలే అనుకుంటున్నారేమో. ఆ ఆశ పెట్టుకోకండి. ఈ జబ్బు నాలుకని తింటుంది గానీ చెవుల జోలికి పోదట. డాక్టరమ్మని అడిగి మరీ తెలుసుకున్నాను. నా కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి స్పీకరు కింద బల్ల మీద కూర్చుంటాను. చదవండి.