తలగడ కింద ఆఫ్రికా నోట్లు

జూలై, రెండో ఆదివారం. తిరుపతి.

భూమ్మీద దాచుకున్నదంతా చెదలపాలేనని పొద్దున పాకాల ప్రార్థన కూటంలో పాస్టరుగా బల్ల గుద్ది చెప్పాను. తర్వాత కూటానికి వచ్చిన మరియమ్మ ప్రార్థన చేయమంటే అందరం ఆమె ఇంటికి వెళ్లాం. ఆమె కోడలు శాంతి జ్వరంతో కాలిపోతోంది.

"అయ్యగారా, మీ వాక్యం పుస్తకం ఈ రాత్రికి నా కోడలి తలకాడ ఉండనీండి. జరం దిగినాక నేనే తెచ్చిస్తా," అంటూ మరియమ్మ నా చేతిలోని బైబిలు తీసుకుని తలగడ కింద పెట్టేసింది.

మడతలు పోవాలని పుటల మధ్య పెట్టిన నాలుగు పాత కరెన్సీ నోట్లు అందులోనే ఉన్నాయి. తెల్లదొరలు తూర్పు ఆఫ్రికాను ఏలిన కాలంనాటివి, ఏళ్ల తరబడి వెతికి సంపాదించినవి. పొద్దున అంత మాట చెప్పి, అందరి ముందూ వాటిని బయటికి తీయడానికి చెయ్యి రాలేదు. చెమటకు తడిస్తే రంగు దిగిపోతుంది. ఎవరైనా తెరిచి చూస్తే?

ఇంటికొచ్చి చెబితే నా భార్య నవ్వింది. "నీ దిగులు ఆ బిడ్డ కోసరమా, నీ నోట్ల కోసరమా? సెప్పప్పా."

మోకరించాను. తెల్లారేసరికి శాంతికి జ్వరం దిగాలని అడిగాను. దిగితేనే పుస్తకం తిరిగొస్తుందని ప్రార్థన మధ్యలోనే తోచింది. సిగ్గుపడి మళ్లీ మొదటినుంచి చేశాను.

మళ్లీ అదే తోచింది.