డౌటున్నవాళ్లు బోర్డు దగ్గరికి రావాలి

శ్రీవారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం మంగళవారం అందింది. ఇక్కడ నేనూ అత్తయ్యగారూ బాగున్నాం. మీరు వేళకు తింటున్నారనీ, ఎండలో టోపీ పెట్టుకుంటున్నారనీ నమ్ముతున్నాను. నమ్మక చేసేదేమీ లేదు కనుక.

మీరు అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. వంటింటి కొళాయి బాగైంది. ప్లంబరు వాషరు మార్చి, "ఇంజనీరుగారింట్లోనే కారుతోందేంటమ్మా?" అని నవ్వాడు. "ఊరందరి పైపులూ చూసేసరికి మా వంతు రాలేదు నాయనా" అన్నాను. అత్తయ్యగారి మోకాలు కాస్త నయం. చెవి మిషను మాత్రం తనకు కావలసినప్పుడే పెట్టుకుంటున్నారు. మందు వేసుకోమంటే వినబడదు. పక్కింట్లో గొడవైతే గోడ అవతల నుంచి కూడా ఒక్క మాట పోదు.

మన వీధి మళ్లీ తవ్వారు. పైపులు దించి వారమైంది, మట్టి ఇంకా కుప్పగానే ఉంది. గేటు దాటాలంటే చీర ఎత్తిపట్టుకుని చెక్క మీద నడవాలి. ఎదురింటావిడ నన్ను ఆపి, "మీ ఆయన ఊళ్లో ఉంటే ఇలా తవ్వనిచ్చేవారా?" అంది. "ఆయన ఉన్నప్పుడూ తవ్వారండీ. కాకపోతే పూడ్చేవారు" అన్నాను. ఆవిడతో పాటు నేనూ నవ్వాను గానీ, లోపలికొచ్చాక ఇల్లు మరీ ఖాళీగా అనిపించింది.

ఇక మీ చివరి ప్రశ్న. మీరు రాసి పంపిన రాజీనామా ప్రిన్సిపాలుగారికి ఇచ్చానా అని.

ఇవ్వలేదు.

కాలేజీ తెరిచేలోగా ఇవ్వాలనీ, ఆలస్యమైతే వాళ్లకు వేరే మాస్టారు దొరకరనీ మీరు రాసింది మరిచిపోలేదు. పొద్దున పూట సర్వే పాఠాలు చెప్పి, తర్వాత చీకటిపడేదాకా సిటీ కాలవల పనులు చూడడం ఇక మీవల్ల కాదన్నారు. ఇప్పుడు ఆ ఊరి కాలవ పనిమీద వెళ్లిన ఆరునెలలూ పూర్తయ్యాక కూడా ప్రాజెక్టులే చూసుకుంటానన్నారు. తీరిక లేదని కారణం రాశారు. మీకు తీరిక ఎప్పుడుందండీ? బురద కాళ్లతో ఇంటికొచ్చి, ఆ రోజు కాలవలో నీళ్లు ఎక్కడ వెనక్కి తన్నాయో, దాన్ని మర్నాటి పాఠంలో ఎలా చెప్పబోతున్నారో నాకు పళ్లెం మీద గీసి చూపించిన మనిషి మీరు. అన్నం చల్లారిపోతోందన్నా వినేవారు కాదు. ఆ మనిషికి పిల్లలే బరువయ్యారంటే నాకు లెక్క కుదరలేదు. అందుకే కవరు నా దగ్గరే పెట్టుకున్నాను.

అంతలో ఆదివారం మీ విద్యార్థులు ఇద్దరు వచ్చారు. మీరు కొలబద్ద అని పేరు పెట్టిన పొడుగాటి అబ్బాయీ, మొదటి బెంచీ అమ్మాయీ. సర్వే క్యాంపులో మీరు మరిచిపోయిన గొడుగు ఇవ్వడానికట. అసలు సంగతి మీరెప్పుడొస్తారో కనుక్కోవడం.

"వేరే మాస్టారు వస్తే చదవరా ఏంటి?" అన్నాను టీ ఇస్తూ.

"చదువుతాం ఆంటీ. కానీ మా రూల్సన్నీ మార్చుకోవాలి" అంది అమ్మాయి.

"ఏం రూల్సు?"

కొలబద్ద ఆమెను మోచేత్తో పొడిచాడు. ఆమె ఆగలేదు. "డౌటున్నవాళ్లు కూర్చున్నచోటి నుంచి అడగకూడదు. బోర్డు దగ్గరికి రావాలి. సార్ మొహం చూస్తూ, ఒకరి తర్వాత ఒకరు అడగాలి."

"మీ సార్ అంత స్ట్రిక్టా?"

"సార్ పెట్టలేదు ఆంటీ. మేమే పెట్టుకున్నాం."

"మరి సార్ ఏమన్నారు?"

"ఈ బ్యాచ్‌కి క్రమశిక్షణ ఎక్కువ అన్నారు."

నా చేతిలో ట్రే కింద పెట్టేశాను. కొలబద్ద తల దించుకుని, "సార్‌కి చెప్పొద్దు ఆంటీ. మాకు తెలుసని ఆయనకి తెలీదు" అన్నాడు.

"నాకు తెలుసని కూడా తెలీదులే" అన్నాను.

లోపలి గదిలోంచి అత్తయ్యగారి గొంతు ఖంగుమంది. "నాకు తెలుసని మీ ముగ్గురికీ తెలీదు! వాళ్ల నాన్నకీ ఇంతే. వీడికి కాస్త ముందొచ్చింది. అన్నిటికీ తొందరే వెధవకి!"

ఆ రోజు మిషను పెట్టుకున్నారన్నమాట. పిల్లలు టీ ఒలకబోసుకుని మరీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను.

"క్లాసులో సరే, బయట పొలాల్లో, రోడ్ల మీద ఎలా నెట్టుకొస్తున్నార్రా?" అని అడిగాను.

"బయట ఇబ్బందేముంది ఆంటీ? ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ యంత్రం దగ్గర సార్ ఈ చివర, కర్ర పట్టుకుని నేను ఆ చివర. మధ్యలో లారీలు. అక్కడ ఎవరికీ ఏమీ వినబడదు. సార్ చెయ్యి ఇలా ఎత్తితే కర్ర ఎత్తాలి, ఇలా పక్కకి వంచితే నిటారు చెయ్యాలి. నేను వేలెడు వాలినా అంత దూరం నుంచి పట్టేస్తారు" అంటూ కొలబద్ద హాల్లో నిలబడి చేతులు ఊపి చూపించాడు. ఫాను తగులుతుందేమోనని హడలిపోయాను.

అవునండీ, నాకు తెలుసు. మీ కుడి చెవి పనిచేయడం మానేసింది, ఎడమది తగ్గుతోంది. భోజనాల దగ్గర నేను మీ ఎడమపక్కకి మారింది కిటికీ గాలి కోసం కాదు. ఇంటికొచ్చినవాళ్లు ఏదైనా అంటే "అయితే గురువారం వస్తారన్నమాట" అని నేను మళ్లీ పైకి అనేది మతిమరుపు వల్ల కాదు. మీకు అందాలని. అది సాయమనుకున్నాను. మీరు చెవి సంగతి దాచారు, నేను తెలిసిన సంగతి దాచాను. ఇద్దరం కలిసి డాక్టరును తప్పించుకున్నాం.

ఇక దాచను. మీ ఉత్తరంలో ఒక చోట ఆగిపోయాను. మట్టి తవ్వే యంత్రం వెనక్కి వస్తూ మీ లెవెల్ స్టాండును నుజ్జు చేసిందనీ, హారన్ కొట్టనందుకు డ్రైవరుకు మెమో ఇచ్చాననీ మామూలుగా రాసేశారు. ఆ స్టాండుకు మీరెంత దూరంలో ఉన్నారో రాయలేదు. అతను హారన్ కొట్టాడో లేదో అక్కడ లేని నాకు తెలియదు. అక్కడున్న మీకూ తెలియదు. మనిద్దరికీ తెలియని దానికి అతనికి మెమో ఎందుకండీ? అతనికీ ఒక ఇల్లు ఉంటుంది. దాన్ని వెనక్కి తీసుకోండి. మీ సూపర్‌వైజరుకు ఉన్నమాట చెప్పి, యంత్రాలు తిరిగేచోట మీ పక్కన ఒక మనిషిని ఉంచుకోండి. ఇది నా మాటగా కాదు, ఒట్టుగా అడుగుతున్నాను.

క్లాసులో మీకు వినబడకపోతే ఒక డౌటు మిగిలిపోతుంది, అంతే. ఆ పిల్లలు దానికీ దారి వెతుక్కున్నారు. మీరు వదులుకుంటానంటున్నది వాళ్లని. ఉంచుకుంటానంటున్నది యంత్రాల్ని. మీరు ఇంత తలకిందులు లెక్క వేయడం నేనెప్పుడూ చూడలేదు.

మీ రాజీనామా ఈ కవరులోనే తిరిగి పంపుతున్నాను. చింపే హక్కు నాకు లేదు, ఇచ్చే మనసు లేదు. తప్పదనుకుంటే ప్రిన్సిపాలుగారికి మీరే పంపండి. కాకపోతే తీరిక లేదన్న మాట కొట్టేసి, అసలు కారణం రాసి పంపండి. అత్తయ్యగారి చెవి డాక్టరుతో మాట్లాడి ఉంచాను. మీరు సెలవు మీద వచ్చిన మర్నాడే చూస్తానన్నారు. అత్తయ్యగారు కూడా వస్తారట. మిషను పెట్టుకోవడం మీకు తనే నేర్పిస్తారట.

మరొక్కటి. సైటులో ఫోను సిగ్నల్ ఉండదు, ఉత్తరాలే రాయమన్నారు. మీ పక్కగదిలో ఉండే సూపర్‌వైజరు రోజూ అక్కడి నుంచే వాళ్లావిడతో అరగంట మాట్లాడతాడట. ఆవిడే బజార్లో కనిపించి చెప్పింది. ఆదివారం ఫోన్ చేయండి. నా మాట అందకపోతే "వినబడటం లేదే" అని మొహమాటం లేకుండా అనండి. అని, ఇక మీరే మాట్లాడండి. ఏం తిన్నారో చెప్పండి, కాలవ ఎంతవరకు వచ్చిందో చెప్పండి. నాకు వినబడుతుంది కదా. మీ గొంతు విని చాలా రోజులైంది.

ఇట్లు,
మీ ఇంటావిడ