సూదా, కోతా

బుజ్జీ,

మీ అక్క చివరి రోజు పొద్దున రెండు చెంచాల నీళ్లు తాగింది, కిటికీ తెరవమంది, పదింటికి కన్నుమూసింది.

కాలేయం క్యాన్సర్ గడ్డని సూదితో కాల్చడం మేలా, కోసి తీయడం మేలా అని అప్పట్లో నేను వేసిన పట్టిక పంపమన్నావు. పంపను. "రెండూ పనికొస్తాయి, త్వరగా తేల్చండి" అన్నారు డాక్టరుగారు. లెక్కల మాస్టారిని కదా, మూడు నెలలు కూర్చుని, ఎర్ర సిరాతో పద్నాలుగు గడులు గీశాను.

"ఏదో ఒకటి చేయించండి మహానుభావా, గడ్డకి మీ పట్టికతో పనిలేదు" అంది మీ అక్క.

పట్టిక ముచ్చటగా వచ్చింది. ఈలోగా గడ్డ సూదికీ కత్తికీ కూడా అందకుండా పెరిగింది.

నీది ఇంకా చిన్నదేనట. రేపు పొద్దున మొదటి బస్సుకి వస్తాను. నీకు తేదీ ఇచ్చేదాకా డాక్టరుగారి గుమ్మం వదలను.

మీ బావ