దొరవారి నమ్మకమైన మనిషి

సాల్మియా, కువైట్
మార్చి 1986

ప్రాణానికి ప్రాణమైన బావకు,

నువ్వు, పాప, మా అమ్మ చల్లగా ఉండారని తలుస్తాను. నాకేం కాలేదు, భయపడొద్దు. ఇరాకోళ్ళు ఇరానోళ్ళు కొట్టుకునేది మాకు ఉత్తరాన. గాలి ఇటు తిరిగినప్పుడు ఫిరంగుల మోతకు అలమారలో గాజుగ్లాసులు అదురుతాయి. అది వినబడితే చాలు, మా దొర మొహం వెలిగిపోతుంది. ఆ యుద్ధం ఆయన కోసమే జరుగుతున్నట్టు ఉంటుంది.

ఆయన ఉద్యోగం ఏందో ఇన్నాళ్ళకు తెలిసింది నాకు. పేరుకు రాయబారి ఆఫీసులో సెక్రటరీ. చేసేది మాత్రం ఎవరింట్లో ఏం మాట్లాడుకుంటాండారో ఏరుకొచ్చి, నమ్మకమైన మనిషి చెప్పినాడు అని వాళ్ళ దేశానికి రాసి పంపడం. మన ఊర్లో ఆ పని చేసేదాన్ని కొళాయి కాడ నిలవనీరు. ఇక్కడ ఆ పనికి కారు, బంగళా, వంటమనిషి. విందులో తనే ఒక మాట వదుల్తాడు, రేవులో ఏదో ఓడ దిగిందంట అని. ఇంకో విందులో ఆ మాటే తోకలు మొలిచి ఇంకొకరి నోట తిరిగొస్తుంది. అప్పుడు దొరసానితో, చూసినావా నిజమే, అంటాడు. నాకు వాళ్ళ ఇంగ్లీషు అర్థమవుతుందని ఇద్దరికీ తెలీదు. పళ్ళేలు తీసుకోని వంటింట్లోకి పోయి నవ్వుకుంటా.

మొన్న మాత్రం నవ్వు రాలేదు. ఎప్పుడూ లేంది దొరసాని నన్ను సోఫాలో కూర్చోమంది. దొర ఢిల్లీలో నేర్చిన హిందీలో అడిగినాడు, బషీరా బీ నీ స్నేహితురాలంట కదా అని. రాయచోటి బషీరక్క గురించి నీకు రాసినా కదా, ఒక లారీ కాంట్రాక్టరు ఇంట్లో పనిచేస్తుంది. ఆయన లారీలు సరిహద్దు దాటి ఇరాక్‌కు పోతాయంట. వాటిల్లో ఏం పోతాయో, ఇంట్లో మగవాళ్ళు యుద్ధం గురించి ఏమనుకుంటారో బషీరక్క నోట రాబట్టి చెప్పాలంట. చెప్తే నిన్ను డ్రైవరు పనికి పిలిపిస్తాడంట.

నాకు మొదట వీసా ఇచ్చిన కఫీల్ ఇంటినుంచి నన్ను జ్వరంతో గెంటేసినప్పుడు ఫర్వానియాలో మనోళ్ళు చేరే గదిలో తన పరుపు నాకిచ్చి తాను నేలన పండుకున్న మనిషి ఆమె. ఆమె మాటలు అమ్ముకోమంటాడు ఈయన. నా వీసా ఆయన చేతిలో ఉంది కాబట్టి ముఖాన ఉమ్మలేదు. మా ఆయన్ని అడిగి చెప్తానని లేచి వచ్చేసినా. నువ్వు వద్దంటావని నాకు తెలుసు. ఆ మాట గట్టిగా రాసి పంపు, దొరకు చదివి వినిపిస్తా.

పాపకు ముద్దులు.
నీ సిద్ధమ్మ


సాల్మియా
మే 1986

బావకు,

నీ జాబు అందింది. చెప్తే మన సొమ్మేం పోతుంది, వాళ్ళూ వాళ్ళూ ఒకటే, వీసా సంగతి చూడు, అని రాసినావు. ఇంకెవరి దస్తూరీనో అనుకోని మళ్ళీ చదివినా. నీదే.

ఆ జాబును దొరకు వినిపించలేదు. నాకు చేతకాదని నా నోటితోనే చెప్పేసినా. కోప్పడతాడనుకుంటే నవ్వినాడు. బేరం ఎక్కడో కుదిరిపోయినట్టు ఉంది ఆ నవ్వు. పిచ్చోడులే అనుకున్నా.

తర్వాత జరిగింది విను. ఒక విందుకు కువైటీ వ్యాపారస్తుడు ఒకాయన వచ్చినాడు. దొర మందు పుచ్చుకోని ఆ కాంట్రాక్టరు పేరెత్తినాడు. ఆయన రాత్రి ఏం తింటాడో, తినేటప్పుడు ఏం మాట్లాడతాడో కూడా మాకు తెలుస్తుంది, మా వంటమనిషిదీ వాళ్ళ పనిమనిషిదీ ఒకే జిల్లా, అని గొప్పలు పోయినాడు. నేను అక్కడే కూర వడ్డిస్తాండా. బషీరక్క ఆ ఇంట్లో సంగతి ఒక్కటి కూడా నా కాడ ఎత్తలేదు. ఈయన చెప్పుకున్నదంతా ఉత్తదే.

ఆ శుక్రవారం సెలవైనా బషీరక్క ఫర్వానియా గదికి రాలేదు. కాంట్రాక్టరు ఇంటి గేటు కాడికి పోతే, కాపలా ఉండే ముసలాయన చెప్పినాడు. బయట ఎవరో ఏదో అన్నారని అయ్య ఇల్లు ఎగరగొట్టినాడంట. ఆమె పాస్‌పోర్టు లాక్కోని, వఫ్రాలో వాళ్ళ తోటకు మేకల కాడికి తోలినాడంట. పోలీసులకు అప్పజెబుతానంటున్నాడంట. యుద్ధం పక్కనే పెట్టుకున్న దేశం బావా ఇది. గూఢచారి అని ఒక్క మాట అంటే, పనిమనిషిని అడిగే దిక్కెవరు?

నేరుగా దొర కాడికి పోయినా. ఫోన్ చేసి, బషీరా ఏమీ చెప్పలేదని ఒక్క మాట చెప్పమని అడిగినా.

"మేము ఇటువంటి వాటిల్లో తలదూర్చకూడదు. మా దేశానికి మర్యాద ఉంటుంది కదా," అన్నాడు.

తలదూర్చకూడదంట. పక్కింటి కుండలో తల పెట్టి నాకే కుక్క అన్న మాట అది. దొరసాని తల ఎత్తకుండానే, పుడ్డింగ్ చల్లారిపోతుంది తీసుకురా అనింది. తెచ్చి పెట్టినా. వాళ్ళు తిన్నారు కూడా.

సిద్ధమ్మ


కువైట్
జూలై 1986

నాగేశ్వరకు,

ఇది పూర్తిగా చదువు.

దొరను నమ్ముకుంటే పని కాదని, మధ్యాహ్నం ఎండలో ఆ కాంట్రాక్టరు ఇంటికి నేనే పోయినా. గేటు ముసలాయన నన్ను వాళ్ళ మామా ముందర, అంటే ఇంటి యజమానురాలి ముందర, నిలబెట్టినాడు. మొదటి ఇంట్లో నేర్చిన అరబ్బీలో అంతా చెప్పినా: మా దొర నన్ను ఏమడిగినాడో, నేనేమన్నానో, విందులో ఆయన ఏం కూసినాడో. నన్ను కూడా పోలీసులకు పట్టిస్తుందనే అనుకున్నా.

ఆమె నన్ను కూర్చోమనింది. తర్వాత మెల్లగా చెప్పింది, "మీ దొర ఇంటికి ఎవరెవరు వస్తారో నిన్ను అడిగి రమ్మని నేనూ బషీరాకు చెప్పినా. అది ముఖం తిప్పుకునింది. ఇక్కడి మాట అక్కడ, అక్కడి మాట ఇక్కడ చెప్పి నేను బతకలేను మామా, అనింది."

ఆమె కొంచెం సిగ్గుపడింది, అది నిజం. దొర, దొరసాని ముఖాల్లో ఆ మాత్రం కూడా చూడలేదు నేను. రెండిళ్ళ పెద్దవాళ్ళు ఇద్దరు పనివాళ్ళ నోళ్ళు తెరవాలని చూసినారు. తెరుచుకోలేదు. అయినా శిక్ష పడింది బషీరక్కకే.

మొగుణ్ణి ఎట్లా ఒప్పించిందో కానీ, రెండు రోజులకు మామా నన్ను కారులో వఫ్రాకు తీసుకుపోయింది. బషీరక్క రేకుల పాకలో గడ్డి పరుస్తాంది. పెదాలు పగిలి రక్తం కారతాంది. నన్ను చూసి పక్కకు తిరిగింది. నువ్వే ఏదో కల్పించి చెప్పినావనుకుంటాండా సిద్ధమ్మా, ఇన్నాళ్ళూ నిన్నే తిట్టుకుంటాండా, అనింది. నేను కాదని మామా చెప్పిన తర్వాతే నా చెయ్యి పట్టుకునింది. ఆ సాయంత్రమే ఆమెను ఇంటికి తీసుకొచ్చినాము.

కాంట్రాక్టరు ఇంటికి పోయినానని దొరకు తెలిసిపోయింది. నాలాంటిదాన్ని ఇంట్లో పెట్టుకోవడం ప్రమాదమంట. సామాను సర్దుకోమన్నాడు. సర్దుకుంటూ అడిగినా, నేను ఒప్పుకోలేదు కదా, అయినా విందులో అట్లా ఎందుకన్నారు అని.

"నువ్వు బెట్టు చేస్తున్నావనుకున్నా. నీ భర్త మద్రాసులో మా దేశపు ఆఫీసుకు వచ్చినాడు. నా భార్య అన్నీ చెప్తుంది, నా వీసా చూడండి అన్నాడంట. వాళ్ళు నాకు కబురు చేసినారు," అన్నాడు.

మద్రాసుకు పోయినావు. బస్సెక్కి, చొక్కా ఇస్త్రీ చేసుకోని పోయుంటావు. నన్ను అడగకుండా, నాకు చెప్పకుండా, నా నోరు నువ్వు అమ్మి వచ్చినావు. ఆ దొర మీద ఇన్నాళ్ళు ఉమ్మేసుకుంటూ ఉన్నా. ఆయన తన దేశం కోసమన్నా చేస్తాండాడులే అనిపించింది ఆ నిమిషాన. మామా తన ఇల్లు కాపాడుకోవడానికి చేసింది. నువ్వు ఒక స్టీరింగు కోసం చేసినావు. దొర రాసుకునే నమ్మకమైన మనిషి ఎవరో కాదు, నా మొగుడు.

నేనిప్పుడు మామా ఇంట్లోనే పనిచేస్తాండా. ఇఖామా, అదే ఇక్కడ ఉండేందుకిచ్చే కాగితం, ఈమె పేరు మీదికి మార్చినారు. ఈ ఇల్లేమీ స్వర్గం కాదు, ఆమె అడిగింది కూడా నేను మర్చిపోలేదు. బషీరక్క నా పక్కన ఉంటుంది, అంతే.

నిన్న ఇద్దరం చేపలు కడుగుతాంటే బషీరక్క అడిగింది, ఇంతకీ ఆ మాట పుట్టింది యాడ అని. దాచబుద్ధి కాలేదు. మా ఆయనే అని చెప్పినా. చేతులు ఆపి నా వైపు చూసింది. నిన్ను తిట్టిపోస్తుందనుకున్నా.

"నన్ను ఎప్పుడూ చూసి కూడా ఉండడు కదే," అనింది అంతే. మళ్ళీ చేపలు కడుక్కునింది.

ఈ జాబు అందే లోపల మా అన్న వచ్చి పాపను, అమ్మను మా ఊరికి తీసుకుపోయి ఉంటాడు. అడ్డం పడొద్దు. నేను సెలవుకు వస్తే అక్కడికే వస్తా. వీసా కావాలంటే మద్రాసుకు దారి నీకు తెలుసు కదా. ఈసారి అమ్ముకోవడానికి నీ మాటలు నువ్వే వెతుక్కో.

సిద్ధమ్మ