నాదెండ్ల లైను, సత్తెనపల్లి లైను

జనవరి 28, బుధవారం

సత్తెనపల్లి మీదుగా గుంటూరుకు రెండో లైను ఇవాళ వచ్చింది. ఇన్నాళ్లూ నరసరావుపేటలో మా కంపెనీ ఇచ్చే ఇంటర్నెట్ అంతా నాదెండ్ల మీదుగా వెళ్లే ఒక్క ఫైబర్ మీదే బతికింది. అది తెగితే నాలుగు వేల ఇళ్లలో నెట్ ఉండదు. తిట్లు మాత్రం నాకు.

శివరాత్రి ఇంకా పద్దెనిమిది రోజులుంది. మా ఓనర్ సుబ్బారావు గారికి అప్పుడే కంగారు. పోయిన ఏడాది కోటప్పకొండ తిరునాళ్లకు వాళ్ల ఊళ్లో వెదురుతో కట్టిన ప్రభ బండి మీద వెళ్తుంటే నాదెండ్ల దగ్గర రోడ్డుకు అడ్డంగా ఉన్న మా కేబుల్ విప్పి దించాల్సి వచ్చింది. ఎనభై అడుగుల ప్రభకు కరెంటు తీగలే దిగుతాయి, మా కేబుల్ ఎంత. దించమన్నది ఆయనే. ప్రభ ముందు నడిచింది ఆయనే. నెట్ ఏదని ఆరు గంటలసేపు నా మీద అరిచిందీ ఆయనే. ఈ ఏడు అట్టా జరిగితే ఊరుకునేది లేదు, రెండు లైన్లుంటే రెండూ వాడాల గదా సౌందర్యా, అన్నారు.

వాడాలి. దాని పేరు ఈసీఎంపీ. రెండు దారులకూ ఒకే కాస్ట్, అంటే సమాన విలువ, ఇస్తే నా గదిలోని నెట్‌వర్క్ స్విచ్ ట్రాఫిక్‌ను రెండింటికీ పంచుతుంది. ఒకటి పోతే మొత్తం రెండోదాని మీద నడుస్తుంది. ఇక్కడ రెండు కమాండ్లు, గుంటూరులో రెండు కమాండ్లు. పది నిమిషాల పని.

ఆ తర్వాత నెట్ పోదు. నెట్ పోకపోతే గుంటూరు నుంచి ఆనంద్ బాబు ఫోన్ చెయ్యడు.

రాసేశాను. మా ఇంట్లో నా పుస్తకాలు తెరిచే ఓపిక ఎవరికీ లేదు కాబట్టి ఫరవాలేదు.


జనవరి 29, గురువారం

ఆనంద్ బాబు గుంటూరులో మా లైను అవతలి చివర డ్యూటీ ఇంజనీరు. ఆయన్ను నేను చూడలేదు. పోయిన శివరాత్రి రోజే మొదటిసారి ఫోన్ చేశాడు, లైను ఎందుకు పోయిందని. ప్రభ కోసం దించాం అన్నాను. మిగతావాళ్లయితే విసుక్కుంటారు. ఈయన ప్రభ ఎంత ఎత్తుంటుందండీ అని అడిగాడు. వాళ్లది మన వైపు అచ్చంపేటేనట, ఇంత దగ్గరుండి ఎప్పుడూ చూడలేదట. అరగంట చెప్పాను. నేను ఎవరికైనా అరగంట ఏదైనా చెప్పడం అదే మొదలు.

అప్పటినుంచి లైను ముప్పై నాలుగు సార్లు పోయింది. అన్ని తేదీలూ నాకు గుర్తే. గుంటూరు డ్యూటీలో మిగతావాళ్లు నన్ను నరసరావుపేటా అని పిలుస్తారు, ఊరే నా పేరైనట్టు. ఈయన సౌందర్య గారూ అంటాడు.

ఆయనది డ్యూటీ ఫోన్. నాది ఆఫీసు ఫోన్, టేబుల్ దాటి బయటికి పోదు. సొంత నంబర్ అడగొచ్చు. నేను అడగను. ఆయనా అడగలేదు.


ఫిబ్రవరి 3, మంగళవారం

పది నిమిషాల పనిని ఆరు రోజులు లాగాను. మొదట స్విచ్‌కు ఫైబర్ తగిలించే మాడ్యూల్ రాలేదన్నాను. వచ్చింది. తర్వాత స్విచ్ బ్యాకప్ తియ్యాలన్నాను. తీశాను. ఇవాళ సుబ్బారావు గారు నా కుర్చీ వెనకే నిలబడి, ఏందమ్మా ఇంకా ఆ పని తెమల్లేదా అన్నారు. రేపు ఎల్లుండిలో అయిపోతుందండీ అన్నాను.

నెట్ పోవాలని కోరుకునే నెట్‌వర్క్ ఇంజనీరు ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. సిగ్గుగానే ఉంది. కోరిక మాత్రం పోలేదు.


ఫిబ్రవరి 6, శుక్రవారం

అయిపోయింది. ఉదయం పదకొండుకు ఆయనక్కడ, నేనిక్కడ, ఫోన్ స్పీకర్‌లో. నేనొక రూట్ కొట్టాను, నాదెండ్ల మీదుగా. ఇంకొకటి కొట్టాను, సత్తెనపల్లి మీదుగా. రూట్ టేబుల్ తెరిస్తే ఒకే గమ్యం కింద రెండు దారులు కనిపించాయి. వచ్చాయండీ రెండూ అన్నాను. నాకూ కనిపిస్తున్నాయన్నాడు.

ఒక కస్టమర్ ఒక సైట్‌తో మొదలుపెట్టిన మాట మొదటినుంచి చివరిదాకా ఒకే దారిలో వెళ్తుందని, మధ్యలో దారి మారదని చెప్పాడు. నాకు తెలుసు. అయినా చెప్పనిచ్చాను.

మొత్తం తొమ్మిది నిమిషాలు.


ఫిబ్రవరి 10, మంగళవారం

ఇవాళ టెస్ట్. నాదెండ్లలో మా ఫైబర్ ఒక పెట్టెలో చిన్న స్విచ్ గుండా వెళ్లి గుంటూరు దారి పడుతుంది. ఆ పెట్టె దాటాక లైను పీకి చూడమన్నాడు ఆనంద్ బాబు. శివరాత్రికి దిగే కేబుల్ అక్కడే.

అక్కడికి వెళ్తే పక్కన లైన్‌మన్ ఏసయ్య బాబాయి ఉంటాడు. మా వీధే. ఒక చెవి స్తంభం మీద, ఒక చెవి నా ఫోన్ మీద పెడతాడు. సాయంత్రానికి మా అమ్మకు అన్నీ చేరతాయి. పైగా ఆఫీసు ఫోన్ బయటికి తీసుకెళ్లాలంటే సుబ్బారావు గారిని అడగాలి.

అందుకని ఇక్కడే, నా గదిలోనే, స్విచ్‌లోంచి నాదెండ్ల కేబుల్ పీకాను. పీకానండీ అన్నాను. ఎక్కడ అని ఆయన అడగలేదు. క్షణంలో ట్రాఫిక్ అంతా సత్తెనపల్లి మీదికి వెళ్లింది. బ్రహ్మాండం అన్నాడు.

కాసేపు గమనిద్దామని ఫోన్ పెట్టలేదు. పద్దెనిమిది నిమిషాలు గమనించాం. ఈసారైనా ప్రభ చూడ్డానికి రావాలనుందిగానీ ఆ రోజు డ్యూటీ పడిందన్నాడు. వచ్చే ఏడు రండి అన్నాను. వచ్చే ఏడు అన్నానేమిటి నేను.


ఫిబ్రవరి 15, ఆదివారం, మహాశివరాత్రి

ఉదయం 10:50. నాదెండ్లలో కేబుల్ విప్పి దించారు. నెట్ ఆగలేదు. సుబ్బారావు గారు ప్రభ ముందు నడుస్తూ లైవ్ వీడియో పెట్టారు, చక్కగా వస్తోంది.

11:45. ఇదేం పీడ. ఒకావిడకు వాట్సాప్ వస్తోందట, సినిమా రావడం లేదట. పక్కింట్లో సినిమా వస్తోందట, వాట్సాప్ లేదట. నా కంప్యూటర్‌లో అన్నీ బాగున్నాయి. గుంటూరుకు పింగ్ కొడితే జవాబు వస్తోంది. స్విచ్‌లో నాదెండ్ల కేబుల్ గుచ్చిన పోర్ట్ లైటు పచ్చగా వెలుగుతోంది. రూటర్ ఒకసారి ఆపి వెయ్యండి అని యాభై మందికి చెప్పాను. ఒకాయన, ఏమ్మా మూడుసార్లు ఆపి ఏశా, ఇంక ఇల్లు ఆపి ఎయ్యాలా అన్నాడు.

సాయంత్రం 5. ఇప్పుడు తీరిక దొరికింది.

పన్నెండుకు ఆనంద్ బాబు ఫోన్ చేశాడు. ఆయన వైపు సగం ట్రాఫిక్ మాయమైంది. నాదెండ్ల పోర్ట్ ఎలా ఉందని అడిగాడు. పచ్చగా ఉందన్నాను. కేబుల్ దించాక పచ్చగా ఎట్లా ఉంటుందండీ అన్నాడు. అన్నాక ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. నా స్విచ్ నుంచి నాదెండ్ల పెట్టె దాకా లైను బతికే ఉంది. చచ్చింది ఆ అవతల. నా స్విచ్‌కు ఆ సంగతి తెలియదు. సగం ఊరిని తీసుకెళ్లి అక్కడ పారబోస్తోంది.

పోర్ట్ మూసేశాను. ఆయనా మూశాడు. నిమిషంలో ఊరంతా సర్దుకుంది.

అప్పుడు అడిగాడు, మంగళవారం టెస్ట్‌లో ఎక్కడ పీకారని. అబద్ధం చెప్పొచ్చు. నా గదిలో పీకానన్నాను. నాదెండ్ల ఎందుకు వెళ్లలేదన్నాడు. అక్కడ మీతో మాట్లాడుతుంటే ఏసయ్య బాబాయి వింటాడని, అన్నాను.

అవతల కీబోర్డు టకటకలాడింది. తర్వాత, రిపోర్టులో మీ పేరు రాయనండీ అన్నాడు. అది నేను అడగలేదు.


ఫిబ్రవరి 16, సోమవారం

ఓఎస్‌పీఎఫ్ అనే పద్ధతి పెట్టాం. ఇక పోర్ట్ లైటును నమ్మే పని లేదు. ఈ స్విచ్ పది సెకండ్లకోసారి ఆ స్విచ్‌ను పలకరిస్తుంది, జవాబు రాకపోతే ఆ దారి వదిలేస్తుంది. ఆరు రోజుల ముందు ఈ బుద్ధి ఉండాల్సింది.

చివర్లో అన్నాడు, బుధవారం నాదెండ్ల వచ్చి ఆ పెట్టె తన కళ్లతో చూస్తాడట. మీరుంటారా అని అడిగాడు. ఉంటానన్నాను.

సంతోషం ఇంత భయంగా ఉంటుందని తెలియదు.


ఫిబ్రవరి 17, మంగళవారం

తల స్నానం చేశాను. అమ్మ, ఏమే, రేపు స్తంభం ఎక్కడానికా ఇంత ముస్తాబు అంది.


ఫిబ్రవరి 18, బుధవారం

పదింటికే నాదెండ్ల వెళ్లాం, నేనూ ఏసయ్య బాబాయీ. పెట్టె తుడిచాను. ఫైబర్ వరసగా కట్టి లేబుల్స్ అంటించాను. రోడ్డు మీద గుంటూరు వైపు నుంచి వచ్చిన బండినల్లా చూశాను. బాబాయి ఏమీ అడగలేదు. మూడింటికి మాత్రం, ఇంక రాడులేమ్మా, ఎండన పడి ఎందుకు అన్నాడు. ఎవరు అని నేనూ అడగలేదు.

ఆఫీసుకొస్తే సుబ్బారావు గారు మంచి ఉషారుగా ఉన్నారు. గుంటూరు నుంచి ఆ అబ్బాయి ఫోన్ చేశాడట. వాళ్ల ఆఫీసరు ఫాల్ట్ తీరాక ప్రయాణమెందుకని పంపలేదట. సౌందర్య గారున్నారా అని అడిగాడట. ఈయన, మా లైన్లు ఇప్పుడు బంగారమయ్యా, ఇంక నువ్వు చేసే పనేం లేదులే, మా ప్రభ వీడియో చూశావా అన్నారట. ఇంకేదో చెప్పబోయాడుగానీ తర్వాత వద్దులెండి అన్నాడట.

నాకు సుబ్బారావు గారి మీద కోపం కూడా రాలేదు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది.


ఫిబ్రవరి 21

లైను పోలేదు.


ఫిబ్రవరి 24

పిడుగురాళ్ల క్వారీకి టిప్పర్ తోలే మా నాన్న దారిలో ఎక్కడో జేసీబీ కేబుల్ తెంపడం చూశాడట. మీదేనా అన్నాడు. ఆశగా లేచాను. మాది కాదు.


మార్చి 2, సోమవారం

నేనే ఫోన్ చేశాను. ఇన్నాళ్లలో మొదటిసారి, ఏ ఫాల్టూ లేకుండా. ఎవరో కొత్త గొంతు. చెప్పు నరసరావుపేటా అంది.

ఆనంద్ బాబు లేడట. శుక్రవారం రాజమండ్రికి మార్చారట. మా వైపు ఫాల్టులు తగ్గాక ఈ డెస్క్‌కు ఇద్దరెందుకన్నారట. మీరెవరండీ, ఆయనతో ఏం పని అని అడిగాడు. మొదటిదానికి జవాబు చెప్పాను. రెండోదానికి, ఏం లేదులెండి అన్నాను. ఆయన నంబర్ ఇవ్వండి అని గొంతు దాకా వచ్చింది. ఉంటానండీ అని పెట్టేశాను.

ఆ ఫాల్టులు తగ్గించింది నేనే. చాలా శుభ్రంగా చేశాను.


మార్చి 9, సోమవారం, ఉదయం 10:00

నాదెండ్ల లైను నేనే పీకాను. పావుగంట ఫోన్ ముందు కూర్చున్నాను. ఊళ్లో ఎవరికీ నెట్ ఆగలేదు. గుంటూరు నుంచి మెషిన్ పంపే మెసేజ్ ఒకటి వచ్చింది. లింక్ వన్ డౌన్, ట్రాఫిక్ నార్మల్.

కేబుల్ మళ్లీ పెట్టేశాను.