మంచు లైట్ల వైరు

“అబద్ధం వదినా” అని నిన్ననే అనాల్సి ఉండె అన్నా. “మీ అన్నకు రెండు వైర్లు కలుపుడు రాకనే దొర కొల్వుల నుంచి ఎల్లగొట్టిండు” అని వదిన అన్నది. కలిపింది నేను గద!

లడాయి అయినంక మిలిట్రోల్లు అమ్మిన సామాన్ల దొర మోటరుకని కొన్న మంచు లైట్లకు వేరే వైరు గుంజు, వేరే ఫ్యూజు పెట్టు అని నువ్వు చెప్పినవు. నేను తొందరపడి హెడ్‌లైట్ వైరుకే అతికిచ్చిన. తెల్లాపూర్ తొవ్వల, మంచుల, ఫ్యూజు పోయి అన్ని లైట్లు ఒక్కసారే ఆరినయ్. నువ్వు నడిపే దొర మోటరు పొలంల దిగవడ్డది. దొర అడిగితే “నేనే కలిపిన” అన్నవు. నేను నీ ఎనుక నిలవడి నేల సూసిన.

మంచు లైట్లు ఎలుగుతలెవ్వని ఇయ్యాల అదే మోటరు మన ఇంటి ముంగటికి వచ్చింది. వైరు అతుకు మీద నేను సుట్టిన గుడ్డపేలిక అట్లనే ఉన్నది. అది పీకేసి, నువ్వు చెప్పినట్టు వేరే వైరు గుంజిన. మంచిగ ఎలిగినయ్.

“ఎవలు నేర్పిండ్రురా?” అన్నడు దొర పెట్టుకున్న కొత్త డ్రైవరు.

“మా అన్న.”

వదిన ఇని నవ్వింది. “ఆయనకే వస్తే కొల్వు ఎందుకు పోతుండెరా నర్సిగా!”

నువ్వు సచ్చిపోయి ఇయ్యాల్టికి యాడాది. వదిన నీ పేరు మీద వండింది, విస్తరేసి పిలుస్తున్నది. ముద్ద ముట్టకముందే, కలిపింది నేనని చెప్పాలె. పోతున్న.